పాత కారుకు కొత్త నడక

పాత అంబాసిడర్ కారు మీ వీధిలోంచి పోతుంటే ఎప్పుడైనా నిలబడి గమనించారా? స్పీడు బ్రేకరు దాటిన తర్వాత కూడా కొన్ని కార్లు నీటిమీది పడవలా రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఊగుతూ పోతాయి. బాగున్న కారు అలా కాదు. ఒకసారి లేచి, వెంటనే సర్దుకుంటుంది. "పాపం, ముసలిది కదా!" అని మీరు నవ్వి ఊరుకుంటారేమో. కాని అది నవ్వి ఊరుకునే సంగతి కాదు. అలా ఊగే కారు, బ్రేకు వేసినా అనుకున్న చోట ఆగకపోవచ్చు. మలుపులో డ్రైవరు తిప్పినట్టు తిరగకపోవచ్చు. ఎందుకని? తెలుసుకుందాం రండి.

కారును మోసేదెవరు?

అంబాసిడర్ మన రోడ్ల మీద చాలా కాలం ఏలిన కారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో దీన్ని తయారుచేసేవారు. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా ఇప్పటికీ కొందరు దీన్ని ముచ్చటగా కాపాడుకుంటున్నారు.

దీని వెనుక చక్రాల దగ్గర వంగి చూస్తే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. అవే కమాను కట్టలు. లారీలకూ ఇటువంటివే ఉంటాయి. ముందు చక్రాలకు కమాను కట్టలు లేవు. వాటి బదులు టోర్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు ఆ కడ్డీ, మనం తడిబట్ట పిండినట్టు, మెలి తిరుగుతుంది. చక్రం దిగగానే తిరిగి మామూలు స్థితికి వస్తుంది. కమాను వంగుతుంది, కడ్డీ మెలి తిరుగుతుంది. ఆకారాలు వేరైనా రెండూ స్ప్రింగులే.

స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే అంతకు తగినట్టు వంగుతుందనే నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. 100 కిలోలకు 2 సెంటీమీటర్లు వంగే కమాను 200 కిలోలకు 4 సెంటీమీటర్లు వంగుతుంది. గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బను స్ప్రింగు తనలో స్థితిజశక్తిగా దాచుకుంటుంది. అందుకే లోపల కూర్చున్న మనకు నడుము విరిగినంత పని కాదు.

దాచుకున్నది ఏమవుతుంది?

ఇక్కడే అసలు చిక్కు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుందే గాని మింగదు. దాచుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. కారు పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఒక్క గతుకు పుణ్యాన ఎంతోసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ శక్తిని మింగేవాడు మరొకడు కావాలి. అతడే షాక్ అబ్జార్బర్.

షాక్ అబ్జార్బర్ ఒక గొట్టం. అందులో నూనె, నూనెలో ఒక పిస్టను ఉంటాయి. పిస్టనుకు సన్నని రంధ్రాలు ఉంటాయి. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ రంధ్రాలలోంచి బలవంతంగా దూరి పోవాలి. పిస్టను ఎంత వేగంగా కదిలితే నూనె అంత గట్టిగా అడ్డుకుంటుంది. ఈ ఘర్షణలో ఊగే శక్తి ఉష్ణశక్తిగా మారి గాలిలో కలిసిపోతుంది. గతుకుల రోడ్డు మీద తిరిగి వచ్చాక షాక్ అబ్జార్బరు వేడెక్కి ఉండేది ఇందువల్లనే.

ఏళ్లు గడిచేకొద్దీ నూనెను ఆపే సీలు అరుగుతుంది. నూనె కారిపోతుంది. లోపలి కవాటాలు వదులవుతాయి. గొట్టం పైకి మామూలుగానే కనిపిస్తుంది. కాని శక్తిని మింగే పని మానేస్తుంది.

మీరే చేసి చూడండి

మీ బడి ప్రయోగశాలలోని స్ప్రింగును స్టాండుకు వేలాడదీసి, దానికి బరువు తగిలించండి. బరువు కింద ఒక చిన్న డబ్బా మూతను అడ్డంగా కట్టండి. కొద్దిగా కిందికి లాగి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టండి. ఇప్పుడు మూత మునిగేటట్టు కింద ఒక గిన్నెడు నీళ్లు పెట్టి మళ్లీ వదలండి. ఊగడం త్వరగా ఆగిపోతుంది. నీళ్ల బదులు ఆముదం పోస్తే ఇంకా త్వరగా ఆగుతుంది. స్ప్రింగు అదే, బరువూ అదే. మారినదల్లా అడ్డుకునే ద్రవమే. గాలిలో వేలాడిన బరువు నూనె కారిపోయిన కారుతో సమానం.

అరచేతి వెడల్పు నేల

కారు కాస్త ఊగితే మునిగిపోయేదేముంది అంటారా? ఒక లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఒక్కొక్క ఊగుకు ఒక సెకను పట్టి, మూడుసార్లు ఊగితే, ఆ లోపల 50 మీటర్లు పోయినట్టే.

అంత పెద్ద కారులో రోడ్డును తాకేది ఏమిటి? ఒక్కొక్క టైరు కింద మీ అరచేతి అంత చోటు మాత్రమే. బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా పని జరగవలసింది ఆ నాలుగు అరచేతుల చోటులోనే. టైరు మీద బరువు గట్టిగా ఆనితేనే పట్టు ఉంటుంది. కారు పైకి లేచిన క్షణంలో ఆ బరువు తగ్గుతుంది, పట్టూ తగ్గుతుంది. ఇది చాలదన్నట్టు చక్రం కూడా తనంతట తాను సెకనుకు సుమారు పదిసార్లు గెంతగలదు. గెంతిన చక్రం నేలను వదిలితే, ఆ క్షణంలో బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా లాభం లేదు.

ఇంకొక ప్రమాదం ఉంది. అరుగుదల ఒక్క రోజులో రాదు. రోజుకు ఇంత చొప్పున వస్తుంది. డ్రైవరు చేతులు దానికి తెలియకుండానే అలవాటుపడతాయి. "నా కారు బాగానే ఉంది" అనుకుంటూనే ఉంటాడు. అకస్మాత్తుగా ఒక మేక అడ్డం వచ్చిన రోజున గాని సంగతి బయటపడదు.

మెకానిక్ షెడ్డులో

మంచి మెకానిక్ ముందు కారును పరీక్షిస్తాడు. ఒక మూల గట్టిగా నొక్కి వదులుతాడు. పదేపదే ఊగితే షాక్ అబ్జార్బరు పోయినట్టే. ఊగనంత మాత్రాన బాగున్నట్టు కాదు సుమా! అందుకని గొట్టం మీద నూనె మరకలున్నాయేమో చూస్తాడు. టైరు అక్కడక్కడ గుంటలు పడ్డట్టు అరిగిందేమో చేత్తో తడిమి చూస్తాడు.

తర్వాత కమాను కట్టల వంతు. పాతబడిన కమాను వంపు తగ్గి కుంగిపోతుంది. దాని ఉక్కు మెత్తబడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉక్కు బిగువు దాదాపు అంతే ఉంటుంది. తగ్గినది ఎత్తు. ఎత్తు తగ్గితే చక్రం కదిలే చోటు తగ్గి, కారు అడుగు కొట్టుకుంటుంది. అటువంటి కట్టకు మళ్లీ వంపు పెట్టిస్తారు, లేదా కొత్తది వేస్తారు. విరిగిన పట్టీ ఉంటే తీసేస్తారు.

చివరగా రబ్బరు బుష్‌లు. ఇనుపభాగాలు కలిసే చోట ఉండే చిన్న గొట్టాలివి. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ తగిలి రబ్బరు గట్టిపడుతుంది, బీటలు వారుతుంది. అప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం కొద్దిగా పక్కకు జరుగుతుంది. కారు ఒకవైపు లాగుతుంది. టకటకమని చప్పుడు వస్తుంది. చాలా చవకైన ముక్క, కాని ఇది పోతే కొత్త షాక్ అబ్జార్బర్లు వేసినా కారు తిన్నగా పోదు.

మార్చేటప్పుడు రెండు నియమాలు పాటించాలి. షాక్ అబ్జార్బర్లను ఎడమా కుడీ జతగానే మార్చాలి. లేకపోతే ఒక పక్క ఒకలా, మరో పక్క మరోలా ఊగుతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను, కారు బరువు చక్రాల మీద ఆనిన తర్వాతనే పూర్తిగా బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి, త్వరగా చిరిగిపోతుంది. పని ముగిశాక చక్రాల కోణాలు సరిచూడాలి.

ఒక్క హెచ్చరిక. ఇది మీరు ఇంట్లో చేయదగిన పని కాదు. బిగువుగా ఉన్న స్ప్రింగులో మనిషిని గాయపరచగల శక్తి దాగి ఉంటుంది. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు.

ఇంజను కారును పరుగెత్తిస్తుంది. పాత కారును పొగిడేవారు దాని ఇంజనునే పొగుడుతారు. కాని ఆ పరుగును ఆపేదీ, మళ్లించేదీ నేలను వదలని టైర్లు. ఈసారి మీ వీధిలో ఏదైనా కారు స్పీడు బ్రేకరు దాటుతుంటే ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఒకటికి మించితే, ఆ యజమాని మీకు తెలిసినవారైతే, ఈ సంగతి చెప్పండి.