గుడ్డులా సాగే బంతి, ఆగిపోయే శబ్దం

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు రాశారు: "తమంతట తామే వరసకట్టే సూక్ష్మమైన బంతులు శబ్దాన్ని ఆపేస్తాయట. గోడకు పూయించుకుంటే పెళ్లి ఊరేగింపుల డీజే పోరు తప్పుతుందా?" డీజే సంగతి ఆఖర్న చెబుతాను. ముందు బంతులు.

థర్మోకోల్‌కి ముడిసరుకైన పాలీస్టైరీన్‌ని మిల్లీమీటరులో నాలుగువేలో వంతు బంతులుగా చేసి నీళ్లలో కలిపితే పాలలా ఉంటుంది. గాజుపలక మీద ఆ చుక్క ఆరుతుంటే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, బండి మీద బత్తాయిల్లా బంతులు పేరుకుంటాయి. పలక అటూ ఇటూ వంచితే నెమలికన్ను రంగులు. ఓపల్ రత్నం మెరుపూ ఇదే. సి.వి. రామన్ అంతటివారు 1953లో అందులో ఉన్నవి పలుచని పొరలన్నారు. 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే సిలికా బంతుల బారులు బయటపడ్డాయి.

వరసలుంటే శబ్దం ఆగడం పెద్ద వింతేమీ కాదు. ఒక్కో వరస కొంత వెనక్కి తిప్పి కొడుతుంది, ఆ ముక్కలన్నీ జతకలుస్తాయి. అసలు వింత 2008లో తేలింది. జర్మనీ నగరమైన మైంజ్‌లో పరిశోధకులు వరస లేకుండా, చిందరవందరగా పేరుకున్న బంతుల్ని కూడా పరీక్షించారు. వరసగా ఉన్నప్పుడు శబ్దానికి రెండు అడ్డులు కనిపించాయి. వరస పోగానే, వరసల వల్ల వచ్చిన అడ్డు మాయమైంది. రెండోది చెక్కుచెదరలేదు!

ఎందుకంటే ప్రతి బంతికీ సొంత శ్రుతి ఒకటుంటుంది. తాడుకు చెంబు కట్టి వేలాడదీయండి. చెయ్యి మెల్లగా ఊపితే చెంబు వెంట వస్తుంది. జోరు పెంచితే చెయ్యి కుడికి పోయినప్పుడు చెంబు ఎడమకు పోతుంది, మొండిగా. బంతి ఊగదు, గుడ్డులా సాగి నొక్కుకుంటుంది, అంతే తేడా. వచ్చే శబ్దం ఆ శ్రుతికి చేరువైతే బంతీ, శబ్దపు అలా ఒకదాన్నొకటి పట్టుకుని పెనుగులాడతాయి. ఆ కాస్త మేర అలకు దారి ఉండదు. దీనికి వరసతో పనే లేదు.

ఇదంతా సెకనుకు కొన్ని వందల కోట్ల కంపనాల లోకం. ఏ మైకూ వినలేదు. లేజర్ పంపి, శబ్దాన్ని తాకి చెదిరిన వెలుగు రంగు ఎంత జరిగిందో చూస్తారు. వెలుగు చెదరడం మీద మన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం 1940లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పుస్తకం తెచ్చారు.

ఇక డీజే. దాని దడదడ సెకనుకు యాభై కంపనాలైతే అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఈ పూతను అది గుర్తించను కూడా గుర్తించదు. చెంబు కిటుకుతోనే హాంకాంగ్‌లో 2000లో సీసపు గుండ్లకు సిలికోన్ రబ్బరు తొడిగి, 400 కంపనాల దగ్గర శబ్దాన్ని ఆపారు. కానీ ఒక్కో శ్రుతికి ఒక్కో రకం గుండ్లు కావాలి, పైగా సీసం. మీ గోడ మోస్తుందేమో మేస్త్రీని అడగండి.