ఉత్తుత్తి దెబ్బలు, అసలు దెబ్బలు

సీరియళ్లంటే ఇష్టమని చెప్పండి, ఎవరూ ఏమీ అనరు. ముగ్గులు, అల్లికలు, పాత సినిమా పాటలు... ఏది ఇష్టమన్నా "అలాగా" అని ఊరుకుంటారు. కుస్తీలంటే ఇష్టమని చెప్పి చూడండి! నలుగురు ఆడవాళ్లు కూర్చున్న చోట ఒక్కసారిగా మాటలు ఆగిపోతాయి. "అయ్యో, ఆ కొట్టుకోవడాలు ఎట్లా చూస్తారండీ?" అని ఒకరు. "మా చిన్నోడికీ ఇదే పిచ్చి, తిట్టి టీవీ కట్టేస్తుంటా" అని ఇంకొకరు. మా పక్కింటావిడ అయితే మూతి తిప్పి, "గదంత ఉత్తదే గద వదినా! కొట్టినట్టు చేస్తరు, పడ్డట్టు చేస్తరు, గంతే" అని తేల్చేసింది.

నిజమే, టీవీలో వచ్చే రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసి పెట్టుకుంటారు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ చూస్తాను. అయితే ఆ "ఉత్తది" అన్న మాట దగ్గరే నాకు పేచీ. కుస్తీలో ఏది ఉత్తది, ఏది అసలుది? కాస్త ఓపిగ్గా వినండి, చెబుతాను.

మట్టిలో కుస్తీ

మా బోధన్ వైపు కుస్తీ టీవీతో వచ్చింది కాదు. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. చెరుకు బండ్లు, చుట్టరికాలు, మరాఠీ మాటలు అటూ ఇటూ వచ్చినట్టే కుస్తీ కూడా వచ్చింది. జాతరలకు, పండగలకు ఊళ్లల్లో కుస్తీ పోటీలు పెడతారు. మెత్తగా చేసిన మట్టి, చుట్టూ జనం, డప్పుల మోత. మొదట చిన్న పిల్లలకు కొబ్బరికాయ కుస్తీ. గెలిచినవాడికి కొబ్బరికాయే బహుమానం! ఆ తర్వాత కొంచెం కొంచెంగా డబ్బులు పెరుగుతాయి. చివరి జోడీకి వెండి కడెం. దాని కోసం సరిహద్దు అవతలి నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. గుప్పెడు మట్టి తీసి ఎదుటివాడి ఒంటికి రాసి పట్టుకి దిగుతారు. వీపు నేలకంటితే ఆట అయిపోయినట్టే.

ఇక హున్సా సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. బోధన్ పక్కనే ఉన్న ఆ ఊళ్లో హోలీ రోజు పగలు కుస్తీలు, సాయంత్రం పిడిగుద్దులాట. మధ్యన ఒక తాడు. దానికి అటొక జట్టు, ఇటొక జట్టు. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో గుద్దులే గుద్దులు. కొద్ది నిమిషాల ఆటే కానీ రక్తాలు కారతాయి. ఆట కాగానే కాముడి బూడిద దెబ్బలకు రాసుకుని, ఒకరినొకరు కావలించుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్లలో కూడా ఆగలేదు. అది మంచిదని నేననను. కానీ ఒకటి గమనించండి. హున్సాలో దెబ్బ నిజం, పగ లేదు. టీవీ రెజ్లింగ్‌లో పగే కథ, దెబ్బల్లో సగం నటన. రెండూ ఆటలే!

భాగవతం లాంటిదే

నేను పెరిగింది శక్కర్‌నగర్‌లో. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ కాలనీ అది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిందనుకోండి, ఆ బాధ వేరే కథ. నా చిన్నప్పుడు మాత్రం కేబుల్ టీవీ ఉన్న ఇంట్లో సాయంత్రం పిల్లలందరం చేరేవాళ్లం. చేతుల్లో ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ఎన్ని ఆడాడు, ఎన్ని గెలిచాడు... ఎక్కాలు రానివాడికి కూడా ఆ అంకెలు నోటికొచ్చేవి! అప్పట్లో దాని పేరు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. అడవి జంతువులను కాపాడే సంస్థకూ అవే పొడి అక్షరాలు కావడంతో వాళ్లు కోర్టుకెక్కి గెలిచారు. దాంతో 2002లో ఇది డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అయింది.

ఇదంతా ఆట కాదు, వినోదమే అని 1989లో ఆ కంపెనీయే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఒప్పుకుంది. ఆటల మీద వేసే పన్నులు, తనిఖీలు తప్పించుకోవడానికట! అంటే గుట్టు ఎప్పుడో రట్టయింది. అయినా జనం తగ్గారా? లేదు.

ఎందుకంటారా? బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ పేరు వినే ఉంటారు. 2005లో పోయారు. చిందు భాగవతంలో మగ వేషాలు కూడా కట్టి మెప్పించిన మనిషి. కీచకుడు చస్తాడని, ద్రౌపది గెలుస్తుందని భాగవతం చూసే వాళ్లందరికీ తెలుసు. తెలిసీ తెల్లవార్లూ కూర్చుంటారు. ఏమవుతుందా అని కాదు, ఎలా అవుతుందో చూద్దామని. టీవీ రెజ్లింగ్ నాకు అలాంటి భాగవతమే. వేషం, పాట, పగ, చివర్లో న్యాయమో అన్యాయమో.

నా లెక్కలో హీరోలు

హల్క్ హోగన్ అందరికీ దేవుడు. 2025 జులైలో పోయాడు. ఆయన పేరు చెబితే 1987 మార్చి 29నాటి పోటీ చెబుతారు. 236 కిలోల ఆండ్రే ది జయింట్‌ను ఎత్తి పడేశాడని. నాకైతే ఆ రోజు హీరో ఆండ్రేనే! అప్పటికే నడుముకు ఆపరేషన్ అయిన మనిషి. తను పడతానని ఒప్పుకోకపోతే, తనంతట తాను సహకరించకపోతే అంత కొండను ఎత్తడం ఎవరి తరం? పెళ్లిలో పందిరి కింద నవ్వేవాళ్లనే అందరూ చూస్తారు, వంటింట్లో పొగలో ఉన్నవాళ్లను ఎవరూ చూడరు. ఆండ్రే ఆ రెండో రకం.

అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మా కాలనీలో పిల్లలంతా నమ్మేవాళ్లం. గంట మోగేది, లైట్లు ఆరేవి. మాట్లాడకుండానే భయపెట్టడం ఎట్లాగో ఏ నటుడైనా ఆయన్ని చూసి నేర్చుకోవచ్చు. కానీ 1998 జూన్‌లో పంజరం పైనుంచి, 16 అడుగుల ఎత్తు నుంచి ఆయన విసిరేస్తే బల్ల మీద పడి లేచిన మిక్ ఫోలీని మర్చిపోకండి. పడాలని ముందే అనుకున్నారు సరే. ఎముకలకు ఆ సంగతి తెలుస్తుందా?

నాకు అందరికన్నా ఇష్టమైనవాడు బ్రెట్ హార్ట్. గులాబీ రంగు, నలుపు కలిసిన బట్టలు. వచ్చేటప్పుడు తన కళ్లద్దాలు తీసి ముందు వరసలో ఉన్న ఒక పిల్లకో పిల్లాడికో పెట్టేవాడు. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో, సొంత దేశం జనం ముందు, అనుకున్న కథ ఒకటైతే యజమాని ఇతనికి చెప్పకుండా గంట కొట్టించి ఓడించేశాడు. ఉత్తుత్తి ఆటలో జరిగిన అసలు మోసం అది! తర్వాత ఏడాదిన్నరకు, 1999 మే 23న, అతని తమ్ముడు ఓవెన్ హార్ట్‌ను పైకప్పు నుంచి తీగతో దింపుతుంటే కొక్కెం ఊడి కిందపడి చనిపోయాడు. ఆ రాత్రి ఆట ఆపలేదు, కొనసాగించారు. ఇప్పుడు చెప్పండి, అంతా ఉత్తదేనా?

టీవీకి ముందు

ఈ తమాషా అమెరికా వాళ్లే కనిపెట్టారనుకుంటే పొరపాటు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి, సర్కస్ డేరాలు నింపేశాడు. కలియుగ భీముడన్నారు. బలం నిజం, దాన్ని చూపించే పద్ధతి నాటకం. రెండూ కలిస్తేనే జనం టిక్కెట్టు కొంటారని ఆయనకు అప్పుడే తెలుసు.

నాటకం అక్కర్లేని వాడు ఒక్క గామానే. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో పోలెండ్ మల్లుడు జిబిస్కో ఆయన ముందు నేలకు అతుక్కుపోయి రెండున్నర గంటలు గడిపాడు. వారం తర్వాత మళ్లీ రమ్మంటే రానేలేదు. 1928లో పాటియాలాలో మళ్లీ ఎదురుపడితే నిమిషం తిరక్కముందే చిత్తు!

దారాసింగ్‌ను మాత్రం మన ఇళ్లల్లో ఆడవాళ్లందరూ ఎరుగుదురు. రామాయణం సీరియల్లో హనుమంతుడు కదా! కింగ్‌కాంగ్‌తో ఆయన కుస్తీలు చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలేవి. 1968లో బొంబాయిలో అమెరికా మల్లుడు లూ థెజ్‌ను ఓడించాడు. ఆ పోటీల్లో ఎంత కుస్తీ, ఎంత వేషం అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాదించుకోనివ్వండి. రింగులో గర్జించి, బయట మెత్తగా నవ్వే ఆ మొహాన్ని చూసి ఎవరికీ భయం వేయలేదు. నా దృష్టిలో పహిల్వాన్‌కు అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

హమీదా బాను గెలిస్తే...

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. అలీగఢ్‌కు చెందిన హమీదా బాను పేరు మీలో ఎంతమందికి తెలుసు? 1954లో ఆమె మగ పహిల్వాన్లకు సవాలు విసిరింది. "నన్ను ఓడించినవాణ్ణి పెళ్లాడతా" అని! పాటియాలా వాడు ఓడాడు, కలకత్తా వాడు ఓడాడు. బరోడాలో ఒకాయన ఆడదానితో పట్టనని తప్పుకుంటే, బాబా పహిల్వాన్ దిగాడు. 1 నిమిషం 34 సెకన్లు. అంతే! ఇంత గెలిస్తే ఏం కావాలి? కొల్హాపూర్‌లో జనం రాళ్లు రువ్వారు. బొంబాయి రాష్ట్రంలో పోటీని ఆపేస్తే ఆమె మొరార్జీ దేశాయ్‌కి ఉత్తరం రాసింది. ఆడదని ఆపలేదు, నిర్వాహకులు ఆమె మీదికి డమ్మీలను దించుతున్నారని ఫిర్యాదులొచ్చాయి అని జవాబు. చూశారా? మగవాడు గెలిస్తే బలం, ఆడది గెలిస్తే ఉత్తుత్తిది!

ఆ మాట తర్వాత కథే నన్ను నిద్రపోనివ్వలేదు. యూరప్ వెళ్లి కుస్తీ పడతానని ఆమె అంటే, ఇంట్లోని మనిషి, ఆమెకు కుస్తీ నేర్పినవాడే, వద్దని చెయ్యి విరిగేలా కొట్టాడట. ఇది ఆమె మనవడు చెప్పిన మాట. గోదాలో ఎవరికీ లొంగని మనిషి! ఆ తర్వాత కల్యాణ్‌లో పాలు అమ్ముకుని బతికి 1986లో పోయింది. 2024 మే 4న గూగుల్ ఆమె బొమ్మ వేస్తేనే చాలామందికి పేరు తెలిసింది. గోదాలో దెబ్బకు రిఫరీ ఉంటాడు, గంట ఉంటుంది. ఇంట్లో దెబ్బకు అవేవీ ఉండవు.

అందుకే 2007 జూన్ తర్వాత క్రిస్ బెన్వా ఆట నేను చూడలేదు. ఆటగాడిగా అతనికి సాటి తక్కువే. కానీ భార్యను, ఏడేళ్ల కొడుకును చంపి తానూ ఉరేసుకున్నాడు. దెబ్బల వల్ల మెదడు పాడైందని పరీక్షల్లో తేలింది. కావచ్చు. ఆమెను తలచుకున్నాక అతని పట్లు చూసి చప్పట్లు కొట్టడానికి చేతులు రావు.

ఇప్పటి ఆడపిల్లలు

చాలా ఏళ్లు ఆ టీవీ గోదాలో ఆడవాళ్లను బొమ్మల్లా నిలబెట్టారు. 1999లో మగవాళ్ల బిరుదు గెలిచిన చైనా లాంటి వాళ్లు ఒకరో ఇద్దరో. 2016లో "దివా" అన్న పేరు తీసేసి మహిళా ఛాంపియన్ అన్నారు. 2019 ఏప్రిల్‌లో వాళ్ల అతి పెద్ద పండగలో ఆఖరి పోటీ మొదటిసారి ఆడవాళ్లది. 2017లో మన హర్యానా కవితాదేవి సల్వార్ కమీజ్ వేసుకుని ఆ గోదాలోకి దిగింది. ఓడిపోయింది. అయినా నాకు పండగే!

ఇక అసలు కుస్తీ సంగతి. 2023లో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్ ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన కాదన్నారు, కేసు కోర్టుకెళ్లింది. ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి ఆ డిసెంబరులోనే ఆట వదిలేసింది. వినేశ్ 2024లో పారిస్ ఫైనల్ దాకా వెళ్లి, 100 గ్రాముల బరువు ఎక్కువై పోటీకే దూరమైంది. ఇవేవీ ఎవరూ రాసి పెట్టిన కథలు కావు.

మన నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్‌ది కుస్తీ కాదు, బాక్సింగ్. గ్రౌండులో అన్ని ఆటల్లో ఆడపిల్లలున్నారు, బాక్సింగ్‌లో ఎందుకు లేరని నాన్నను అడిగిందట. మొహం మీద దెబ్బ చూసి నిన్నెవరు చేసుకుంటారని తల్లి బెంగపడితే, పేరొస్తే పెళ్లికొడుకులు వరస కడతారని నవ్వించిందట. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్‌లో పతకం రాలేదు. అయితేనేం, ఈ ఊళ్లో గ్లవ్స్ కావాలని అడిగే ఆడపిల్లను ఇప్పుడెవరూ వింతగా చూడరు.

కాబట్టి అమ్మలూ, మీ అమ్మాయి టీవీ ముందు కూర్చుని కుస్తీ చూస్తుంటే వెంటనే కట్టేయకండి. ఇంట్లో చేసి చూడకూడదని, అది నేర్చుకున్నవాళ్ల పని అని చెప్పండి. పక్కన కూర్చుని ఎవరు మంచివాడు, ఎవరు మోసగాడు అడగండి. హమీదా బాను కథ చెప్పండి. ఈసారి జాతరలో కుస్తీలు పెడితే, మొదటి కొబ్బరికాయ కుస్తీకైనా పిల్లను తీసుకుని ముందు వరసలో కూర్చోండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.