ఆయకట్టు ఇళ్లకు నెమ్ము బెడద - బేస్‌మెంట్ దశలోనే నివారణ

సూర్యాపేట: వర్షం లేని రోజుల్లో కూడా గోడ అడుగుభాగం చెమ్మగిల్లడం, రంగు పొక్కిలి లేవడం, తెల్లని ఉప్పు రాలడం కాలువ కింది గ్రామాల్లో తరచుగా కనిపించే విషయమే. ఏటా రంగులు వేయించినా ఇది ఆగదు. ఈ నెమ్ము పైనుంచి కాక, నేల నుంచి వస్తుంది.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన పిదప మునగాల, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల మెట్ట భూములు మాగాణులుగా మారిన సంగతి విదితమే. వరి మడుల్లో నెలల తరబడి నీరు నిలవడం వలన భూగర్భ జలమట్టం పెరుగుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుకలోని సన్నని రంధ్రాలు ఈ తేమను సుమారు మీటరు ఎత్తు వరకు లాగుతాయి. నీరు ఆవిరైపోగా మిగిలిన లవణాలు గడ్డకట్టి ప్లాస్టరింగును ఊడదీస్తాయి.

దీనికి విరుగుడు డి.పి.సి.గా వ్యవహరించే తేమ నిరోధక పొర. పునాది గోడపై, పై గోడ మొదలయ్యే చోట, వాటర్‌ప్రూఫ్ మిశ్రమం కలిపిన 40 మిల్లీమీటర్ల కాంక్రీటు వేసి, ఆరిన తర్వాత వేడి తారు పూయాలి. ఇది గోడ పూర్తి వెడల్పున, ఎక్కడా తెగకుండా, చుట్టుపక్కల నేల కంటే కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. వాకిట్లో పోసిన మట్టి గాని, ఏటికేడు ఎత్తు పెరిగే సీసీ రోడ్డు గాని ఈ పొరను దాటితే అది ఉండీ లేనట్లే. గ్రామాల్లో రోడ్ల అంచనాలు తయారుచేసేవారు ఇంటి గడపల ఎత్తును కూడా చూడడం అవసరం.

ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇచ్చే రూ.5 లక్షల్లో తొలి విడతగా లక్ష రూపాయలు బేస్‌మెంట్ పూర్తయిన పిదప విడుదలవుతాయి. డి.పి.సి.ని కంటితో చూడగలిగేది అప్పుడే. గోడ లేచిన తర్వాత అమర్చాలంటే గోడను అంచెలంచెలుగా కోయాలి, లేదా రంధ్రాలు చేసి రసాయనాలు ఎక్కించాలి. ఆ వ్యయం పేద కుటుంబాలకు తలకు మించిన భారం. కావున తొలి తనిఖీకి వెళ్లే సిబ్బంది ఈ ఒక్క అంశాన్ని విధిగా పరిశీలించడం ఎంతైనా మేలు.

2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు నడిగూడెం మండలం రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడింది. ఇటువంటి ముంపులో నానిన తొమ్మిదంగుళాల గోడ లోపలి వరకు ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి సిమెంటు పూత, ఎనామిల్ రంగు వేస్తే తేమ లోపలే బందీ అవుతుంది. ఊడిన ప్లాస్టరింగును తొలగించి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాత సున్నం పూత వేయడం ఉత్తమం. పాత మిద్దెల్లోని డంగు సున్నం తేమను బయటికి వదులుతుంది.

ఏసీ గదుల సమస్య వేరు. శీతల దేశాల్లో తేమ లోపలి నుంచి బయటికి పోతుంది కనుక గోడ లోపలివైపు ప్లాస్టిక్ పొర వేస్తారు. మన వర్షాకాలంలో ఇది తలకిందులు. బయటి తేమగాలి చల్లని గదివైపు చొచ్చుకువస్తుంది. లోపల వినైల్ వాల్‌పేపర్ ఉంటే దాని వెనుక నీరు పట్టి బూజు పెరుగుతుంది. కార్యాలయాల రికార్డు గదుల్లో దీనివలన దస్త్రాలు పాడవుతాయి.

నెమ్ము ఎటునుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి చదరపు అడుగు పాలిథిన్ షీటును గోడకు అంచులన్నీ మూసుకునేలా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచాలి. షీటు వెనుక నీటి బిందువులు పడితే తేమ గోడలో ఉన్నట్లు, ముందువైపు పడితే గది గాలిలో ఉన్నట్లు.