సెంట్రల్ స్టేషనూ, దాని పక్కనున్న ఫుట్‌బాల్ మైదానమూ

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి, ఆటో మాట్లాడుకోకుండా, తెల్లటి రిప్పన్ భవనం వైపు నడవండి. పది పదిహేను నిమిషాల్లో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం గేటు ముందుంటారు. దాదాపు నలభై వేల మంది కూర్చునే ఫుట్‌బాల్ మైదానం అది. ఇంత దగ్గరలో ఉన్నా మనలో ఎక్కువమంది దాని గోడ తప్ప లోపలి పచ్చిక చూడలేదు. మన ఇళ్లల్లో సెంట్రల్ అంటే తిరుపతి మొక్కు, నెల్లూరులో పెళ్లి, బెజవాడలో చుట్టం చావు. సూట్‌కేసు పట్టుకుని పరుగెత్తేవాళ్లకు పక్కన మైదానం ఉంటేనేం, లేకపోతేనేం?

కానీ ఈ స్టేషన్‌కూ ఈ మైదానానికీ ఉన్న సంబంధం కాస్త తెలుసుకోదగ్గది. ఊరందరికీ చెందిన ఒక తోట ఎలా తరిగిపోయిందో, మిగిలిన నేలలో ఆట ఎవరికి దక్కుతోందో అందులో కనిపిస్తుంది. ఉత్తర చెన్నైలో మగపిల్లవాడినో ఆడపిల్లనో పెంచుతున్న తెలుగు ఇంటికి ఇది వట్టి చరిత్ర కాదు.

మొదట రైలు సంగతి. దక్షిణ భారతంలో తొలి రైలు సెంట్రల్ నుంచి బయల్దేరలేదు. 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు వరకు నడిచింది. సెంట్రల్ 1873లో వచ్చింది. ఒకప్పుడు పోర్చుగీసు వర్తకుడి తోటగా ఉన్న ఖాళీ నేలలో దాన్ని కట్టారు. నమూనా గీసింది జార్జి హార్డింగ్. ఇప్పుడు మనం చూసే గడియారపు బురుజు అందాలు తర్వాత రాబర్ట్ చిషోమ్ చేర్చినవి. చాలాకాలం పెద్ద స్టేషన్ హోదా రాయపురానిదే. 1907 తర్వాతే సెంట్రల్ నగరానికి ముఖద్వారమైంది. 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టారు గానీ, మన నోట అది సెంట్రలే.

స్టేషన్ రాకముందే పక్కన ఇంకో పెద్ద స్థలం ఉండేది. 1859 ప్రాంతంలో గవర్నర్ చార్లెస్ ట్రెవెలియన్ ఊరి జనం గాలి పీల్చుకోవడానికని సుమారు 116 ఎకరాల్లో పీపుల్స్ పార్క్ ఏర్పాటు చేయించాడు. చెరువులు, బాటలు, బ్యాండు వాయించే వేదిక అన్నీ ఉండేవి. తర్వాత జూ కూడా అక్కడికే చేరింది. ఆ జూను తమిళంలో 'ఉయిర్ కాలేజ్' అనేవారు, అంటే ప్రాణాలున్న కాలేజీ. ఎగ్మోరు మ్యూజియం 'సెత్త కాలేజ్', చచ్చిన కాలేజీ. పల్లెల నుంచి వచ్చిన చుట్టాలకు ఈ రెండు కాలేజీలూ చూపిస్తే పట్నం చూపించినట్టే.

ఆ తర్వాత ఊరికి ఏది అవసరమైనా ఈ పార్కులోంచే ముక్క కోశారు. విక్టోరియా పబ్లిక్ హాలు కట్టారు. దానికి 1883లో పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతిరాజు. (ఆ హాలు దగ్గర ఆగాం కాబట్టి ఇంకో మాట. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1891లో మద్రాసు వచ్చి ఆడిన తెలుగు నాటకాలు చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియార్ సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకానికి పేరు తెచ్చిన ఆ సభ ఈ హాల్లోనే నడిచింది. బళ్లారి పాఠకులు కాలర్ ఎగరేసుకోవచ్చు.) 1900లో మూర్ మార్కెట్ వచ్చింది, 1913లో రిప్పన్ భవనం తెరిచారు. ఆ వరుసలోనే కార్పొరేషన్ స్టేడియం కూడా వచ్చింది.

1985లో రెండు సంగతులు జరిగాయి. జూ వండలూరుకు వెళ్లిపోయింది. మే నెలాఖరున మూర్ మార్కెట్ కాలిపోయింది. పాత పుస్తకాల కోసం, గ్రామఫోను రికార్డుల కోసం అక్కడ గంటలు గడిపిన తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. ఆ బూడిద మీద లేచిందే ఇప్పుడు మనం లోకల్ రైలెక్కే మూర్ మార్కెట్ కాంప్లెక్స్. పేరులో మార్కెట్ ఉంది, నేల మీద ప్లాట్‌ఫారాలున్నాయి. చుట్టుపక్కల స్టేషన్లదీ అదే కథ. ఒకదాని పేరు పార్క్, ఇంకోదాని పేరు పార్క్ టౌన్. దిగి వెతికితే ఆ పెద్ద పార్కు కనపడదు. మై లేడీస్ గార్డెన్ లాంటి చిన్న తునకలు మిగిలాయి.

ఇక మైదానం. అది మొదట్లో పేరు తెచ్చుకున్నది ఫుట్‌బాల్‌తో కాదు, క్రికెట్‌తో. 1956 జనవరిలో న్యూజిలాండ్ మీద వినూ మన్కడ్, పంకజ్ రాయ్ మొదటి వికెట్‌కు 413 పరుగులు చేసింది ఇక్కడే. ఆ రికార్డు 2008 దాకా నిలిచింది. అరవయ్యో దశకం మధ్య దాకా మద్రాసు టెస్టులు ఇక్కడే ఆడారు. తర్వాత క్రికెట్ చేపాక్‌కు తిరిగిపోయింది. 1993లో పాతదాన్ని తీసేసి ఇప్పటి స్టేడియం కట్టారు. ఆ ఏడాదే నెహ్రూ కప్ ఫుట్‌బాల్ ఇక్కడ జరిగింది. 1995 డిసెంబరులో దక్షిణాసియా క్రీడలు జరిగాయి, ఫుట్‌బాల్ బంగారు పతకం మనదే. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాక చెన్నైయిన్ ఎఫ్.సి.కి ఇది సొంత మైదానమైంది, మరీనా ఎరీనా అన్న ముద్దుపేరూ వచ్చింది. ఆ జట్టు రెండుసార్లు కప్పు గెలిచింది. 2015లో గోవాలో, 2018లో బెంగళూరులో, రెండుసార్లూ ఎదుటివాళ్ల ఊళ్లో వాళ్లనే ఓడించి! సెంట్రల్ పక్కన మాత్రం ఆ ముచ్చట తీరలేదు.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఇది అచ్చంగా ఫుట్‌బాల్ కోసమే కట్టింది కాదు. పచ్చిక చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది. అందుకని గ్యాలరీకీ బంతికీ మధ్య దూరం ఎక్కువ. గోల్ వెనక కూర్చుంటే అవతలి కొసన ఏం జరుగుతోందో అరుపులను బట్టి ఊహించుకోవాల్సిందే. పిల్లలతో వెళ్తే పక్క స్టాండులో, కాస్త పైమెట్ల మీద కూర్చోవడం మేలు.

అసలు ప్రశ్న ఆడేవాళ్లది. నలభై వేల కుర్చీల మైదానంలో ఒకసారికి ఆడేది ఇరవై ఇద్దరే. ఆ పచ్చిక మీద వీధి పిల్లవాడు సాయంత్రం బంతి తన్నుకునే వీలు లేదు. పీపుల్స్ పార్కులో గేటు దాటితే ఎవరైనా తిరగొచ్చు, స్టేడియంలో టిక్కెట్టు కొంటే చూడొచ్చు. ఈ తేడా చిన్నది కాదు. మరి ఆటగాళ్లు ఎక్కడ తయారవుతున్నారు?

దానికి జవాబు రెండు స్టేషన్ల అవతల ఉంది. మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఆవడి వైపో అరక్కోణం వైపో వెళ్లే లోకల్ ఎక్కితే మొదట బేసిన్ బ్రిడ్జ్ వస్తుంది. అక్కడ దారులు చీలతాయి. కుడివైపు పట్టాలు కొరుక్కుపేట మీదుగా గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట, నెల్లూరు వైపు, అంటే మన చుట్టాల వైపు పోతాయి. ఎడమవైపు వెళ్తే వచ్చే మొదటి స్టేషన్ వ్యాసర్‌పాడి జీవా. కమ్యూనిస్టు నాయకుడు పి. జీవానందం పేరు మీద ఆ 'జీవా' వచ్చింది.

వ్యాసర్‌పాడిని ఇప్పుడు చెన్నైవాళ్లు చిన్న బ్రెజిల్ అంటారు. ఒకప్పుడు ఆ పేట పేరు చెబితే పోలీసు కేసులే గుర్తొచ్చేవి, అద్దె ఇల్లు కూడా దొరికేది కాదు. తొంభయ్యో దశకంలో అక్కడి కుర్రాళ్లే కొందరు చిన్నపిల్లలను పోగేసి ముల్లై నగర్ మైదానంలో బంతి నేర్పడం మొదలుపెట్టారు. బూట్లు లేవు, పచ్చిక లేదు. బడికి వెళ్తేనే ఆట అన్న నియమం ఉండేది. మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ ఆడారు. చెన్నైయిన్ తరఫున ఆడిన ధనపాల్ గణేశ్ ఆ పేటవాడే. నందకుమార్ శేఖర్ కూడా అక్కడివాడే. 2023 ఆగస్టులో డ్యూరాండ్ కప్‌లో ఈస్ట్ బెంగాల్ తరఫున మోహన్ బగాన్ మీద అతను కొట్టిన ఒక్క గోల్‌తో, నాలుగేళ్లు దాటి ఆ పోటీలో గెలుపు మొహం చూడని జట్టుకు ఊపిరొచ్చింది. కలకత్తా వీధులు వ్యాసర్‌పాడి కుర్రాడి పేరు అరిచాయి.

వ్యాసర్‌పాడి, పెరంబూరు, కొరుక్కుపేట, తండయార్‌పేట ప్రాంతాలు తెలుగిళ్లకు కొత్త కావు. పెరంబూరు బిన్నీ మిల్లులో పనిచేసినవాళ్లలో మనవాళ్లు ఎందరో. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టడానికి మొదట పూనుకున్నవాళ్లలో సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ఉన్నారు. మిల్లు 1996లో మూతపడింది. రైలు మాత్రం మిగిలింది. 1955లో పెరంబూరులో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ, మనం ఐ.సి.ఎఫ్. అనేది, ఇప్పటికీ వేలమందికి అన్నం పెడుతోంది.

ఫుట్‌బాల్‌కూ రైలుకూ గట్టి ముడి పడేది ఇక్కడే. చెన్నై లీగులో చాలాకాలంగా పేరున్న జట్లు చూడండి: సదరన్ రైల్వే, ఐ.సి.ఎఫ్., ఇండియన్ బ్యాంక్, కస్టమ్స్. ఇవి ఆఫీసుల పేర్లు. బాగా ఆడే కుర్రాడిని జట్టులోకి తీసుకుంటే ఉద్యోగమూ ఇచ్చినట్టే. జీతం, క్వార్టర్సు, పింఛను. మురికివాడ ఇంట్లో తల్లి కొడుకును ఎండలో ఆడనిచ్చిందంటే ఆ ఆశతోనే. ఈ ముడి ఒక్క చెన్నైది కాదు. సికింద్రాబాదు అమ్ముగూడలో స్థిరపడ్డ తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం హైదరాబాదు మైదానాల్లో ఎదిగి, ఒలింపిక్స్ ఆడి, చివరికి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో ఆట ముగించాడు. తమిళ ఇల్లు తెలుగు నేలలో ఆటగాణ్ణి కన్నప్పుడు, తెలుగు ఇల్లు తమిళ నేలలో ఎందుకు కనకూడదు?

ఈ కోటా సంగతి తల్లిదండ్రులకు సగం సగమే తెలుస్తోంది. బాగా ఆడతాడని వీధిలో అందరూ అన్నంత మాత్రాన రైల్వే పిలవదు. గుర్తింపు ఉన్న రాష్ట్ర, జాతీయ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్లు కావాలి. ఉద్యోగానికి తగ్గ చదువు ఉండాలి. ఆపైన ట్రయల్స్‌లో ఆడి చూపించాలి. రైల్వే జోన్లు, ఐ.సి.ఎఫ్. ఖాళీలున్నప్పుడు బహిరంగంగానే ప్రకటన ఇస్తాయి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ క్రీడాకారులకు 3 శాతం కోటా ఉంది. కాబట్టి పదో తరగతిలో బడి మాన్పించి పూర్తిగా ఆటలో దింపడం మా దృష్టిలో తప్పు. పాఠశాల స్థాయి నుంచి ఆడిన ప్రతి పోటీ కాగితం ఒక ఫైలులో పెట్టుకోండి. కోటాలో వేయిస్తాం, ఇంత ఇవ్వండి అని వచ్చే దళారిని గుమ్మం దగ్గరే ఆపండి. ఆ డబ్బు తిరిగి రాదు.

ఇంకో చిక్కు స్థలం. పట్టాలు పెరిగాయి, స్టేషన్ కింద మెట్రో వచ్చింది, స్టేడియానికి గ్యాలరీలు లేచాయి. పేటల్లో ఆడుకునే ఖాళీ నేల మాత్రం పెరగలేదు. ఉన్నదాంట్లోనే బళ్లు నిలుపుతారు, పందిళ్లు వేస్తారు, ఇసుక పోస్తారు. మన కాలనీ సంఘాలు ఉగాదికి వేదిక కోసం కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేటప్పుడు, వార్డులో ఉన్న మైదానం పిల్లలకే వదలమని రెండో అర్జీ కూడా పెట్టొచ్చు. పందిరి వేసేది మనమే అయినప్పుడు మరునాడు గుంతలు పూడ్చే బాధ్యతా మనదే. మేకు గుచ్చుకున్న కాలుతో ఏ పిల్లా ఆడలేదు.

మ్యాచ్ చూడాలనుకునేవాళ్లకు చివరగా దారి. మెట్రోలో వస్తే సెంట్రల్‌లోనే దిగండి, రెండు లైన్లూ అక్కడ కలుస్తాయి. నెహ్రూ పార్క్ అనే మెట్రో స్టేషన్ వేరే ఉంది. పేరులో నెహ్రూ ఉంది కదా అని అక్కడ దిగితే పూందమల్లి హైరోడ్డు మీద ఎండలో వెనక్కి నడవాలి. తాంబరం వైపు నుంచి లోకల్‌లో వచ్చేవాళ్లు పార్క్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే చాలు. రిప్పన్ భవనం పక్కనుంచి రాజా ముత్తయ్య రోడ్డు పట్టుకుంటే స్టేడియం తగులుతుంది. రాత్రి మ్యాచ్‌లు ముగిసేసరికి తొమ్మిది దాటుతుంది. ఆవడి వైపు వెళ్లేవాళ్లకు ఇబ్బంది లేదు. గుమ్మిడిపూండి దాటి తడ, సూళ్లూరుపేట దాకా వెళ్లాల్సినవాళ్లకు మాత్రం రైళ్లు తక్కువ. వెళ్లేటప్పుడే మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఆఖరి బండి ఎన్నింటికో అడిగి, తిరుగు టిక్కెట్టు కూడా అప్పుడే తీసుకోండి.