ఆరు అల్ట్రాలు, ఒకటే 5000

శామ్‌సంగ్ కొత్త గెలాక్సీ అల్ట్రా ఫోన్ వస్తోందంటే చాలు, విడుదలకు నెలల ముందే లీకులు ముసురుకుంటాయి. చిప్ మారుతుందట, కెమెరా మారుతుందట, బ్యాటరీ ఈసారి ఐదున్నర వేలట. మొదటి రెండూ ఎంతో కొంత నిజమవుతుంటాయి. మూడోదాన్ని నమ్మే ముందు పాత లెక్కలు ఒకసారి తిరగేయాలి.

2020 ఫిబ్రవరిలో వచ్చిన ఎస్20 అల్ట్రా బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఆ తర్వాత ఎస్21, ఎస్22, ఎస్23, ఎస్24 అల్ట్రాలదీ అంతే. 2025 జనవరిలో వచ్చిన ఎస్25 అల్ట్రాదీ అంతే. ఆరు మోడళ్లొచ్చినా ఆ అంకె కదల్లేదు. ధర మాత్రం కదిలింది. మన దేశంలో ఎస్20 అల్ట్రా 92,999 రూపాయలకు మొదలైతే, ఎస్25 అల్ట్రా 1,29,999కి మొదలైంది. స్టోరేజీ 128 జీబీ నుంచి 256కి పెరిగిందని సర్దిచెప్పుకున్నా, దాదాపు 40 శాతం ఎక్కువ.

పెద్ద బ్యాటరీ పెట్టడం శామ్‌సంగ్‌కు చేతకాదా అంటే, అదీ కాదు. ఎస్20 అల్ట్రా వచ్చిన ఏడాదే 24,999 రూపాయలకు గెలాక్సీ ఎం51 అమ్మింది. దాని బ్యాటరీ 7000 ఎంఏహెచ్, బరువు 213 గ్రాములు. అయితే మందం 9.5 మిల్లీమీటర్లు. పైగా అందులో పెరిస్కోప్ కెమెరా లేదు, పెన్ను లేదు, వైర్‌లెస్ ఛార్జింగ్ కాయిల్ లేదు. ఇప్పటి అల్ట్రాల్లో ఇవన్నీ చోటు అడుగుతాయి. లోపలి చోటు ఎంత ఖరీదైన సరుకో ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ చూస్తే తెలుస్తుంది. సిమ్ ట్రే ఉన్న ఫోన్లో 4823 ఎంఏహెచ్, అమెరికాలో అమ్మే ఈ-సిమ్ ఫోన్లో 5088. సిమ్ ట్రేని తీసేసినందుకు దక్కింది 265.

నోట్7 దెబ్బతో శామ్‌సంగ్ భయపడిందని చాలామంది చెబుతారు. 2016లో బ్యాటరీలు అంటుకోవడంతో 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిపించి, చివరికి అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. 700 మంది సిబ్బంది, 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలతో పరీక్షలు జరిపి 2017 జనవరిలో కారణాలు బయటపెట్టారు. ఒక సరఫరాదారు సెల్‌లో మూల దగ్గర ఇరుకై నెగటివ్ ఎలక్ట్రోడ్ వంగింది. ఇంకొకరి సెల్‌లో వెల్డింగ్ మొనలు తేలాయి. భయపడ్డ మాట నిజమే. ఎస్7 ఎడ్జ్‌లో 3600 ఉన్న బ్యాటరీ, తర్వాతి ఎస్8 ప్లస్, ఎస్9 ప్లస్‌లలో 3500కి తగ్గింది. కానీ ఎస్10 ప్లస్‌లో అది 4100 అయింది, మరుసటి ఏడాదే ఎస్20 అల్ట్రాలో 5000. రెండే మోడళ్లలో 1500 పెరిగింది. భయమే అసలు కారణమైతే పెరగకూడదు. పెరిగి పెరిగి సరిగ్గా 5000 దగ్గర ఆగడానికి ఇంకేదో ఉండాలి.

నా అనుమానం రవాణా నిబంధన మీద. బ్యాటరీ శక్తిని ఎంఏహెచ్‌లో కాక వాట్-అవర్లలో కొలిస్తే విషయం బయటపడుతుంది. 5000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్-అవర్లు. సెల్ సగటు వోల్టేజీ దాదాపు 3.88. గుణిస్తే 19.4 వాట్-అవర్లు. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్య సమితి పెట్టిన నియమాల్లో లిథియం అయాన్ సెల్ 20 వాట్-అవర్లు మించకపోతే చాలా మినహాయింపులున్నాయి. మించితే 9వ తరగతి ప్రమాదకర సరుకుకు ఉండే లాంఛనాలన్నీ పాటించాలి. ప్యాకింగు, లేబుళ్లు, కాగితాలు, వాటితో పాటు ఖర్చు. నిషేధమేమీ లేదు. కానీ ఒకే ఫోన్‌ను ప్రపంచమంతా పంపే కంపెనీకి ఆ తలనొప్పి చిన్నది కాదు.

20ని 3.88తో భాగిస్తే 5155 ఎంఏహెచ్ దగ్గర తేలుతుంది. అంటే ఈ లెక్కన శామ్‌సంగ్‌కు మిగిలింది 155 మాత్రమే. ఇది నా లెక్క, శామ్‌సంగ్ మాట కాదు. అయినా చుట్టూ చూడండి. నథింగ్ ఫోన్ 3 మన దేశంలో 5500 ఎంఏహెచ్, బయటి దేశాల్లో 5150. వివో ఎక్స్200 ప్రో మనకు 6000, కొన్ని ఐరోపా దేశాల్లో 5200 (సెల్ వోల్టేజీని బట్టి ఈ గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది). ఆపిల్ 5088 కూడా గీతకు ఇవతలే ఆగింది. అలాగని ప్రతిసారీ మనకే పెద్ద బ్యాటరీ దక్కదు. రియల్‌మీ జీటీ 7 ప్రో చైనాలో 6500 అయితే మన దగ్గరికి వచ్చేసరికి 5800 అయింది.

గీత తప్పించుకునే దారి ఉంది. నియమం ఒక్కో సెల్‌ను లెక్కిస్తుంది కాబట్టి బ్యాటరీని రెండు సెల్‌లుగా విడగొట్టొచ్చు. మడతపెట్టే జెడ్ ఫోల్డ్‌లో ఒక్కో సగానికి ఒక్కో సెల్ ఎప్పటినుంచో ఉంది. కాకపోతే రెండు సెల్‌లంటే రెండు కవర్లు, మధ్యలో ఎడం. ఒక చేత్తో ఇచ్చిన చోటును ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

ఇక సిలికాన్-కార్బన్. లీకుల్లో ఎక్కువగా వినబడే పేరిదే, అందులో పస కూడా ఉంది. ఇప్పటి సెల్‌లలో నెగటివ్ ఎలక్ట్రోడ్ గ్రాఫైట్‌తో చేస్తారు. గ్రాము గ్రాఫైట్ సిద్ధాంతపరంగా 372 ఎంఏహెచ్ పట్టుకోగలదు. గ్రాము సిలికాన్ దాదాపు 3600. పది రెట్లకు దగ్గర. చిక్కేమిటంటే లిథియం నిండినప్పుడు సిలికాన్ దాదాపు 300 శాతం ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుంచించుకుపోతుంది. మూత బిగించిన గిన్నెలో అన్నం పొంగినట్టు అది రోజూ పొంగుతూ తగ్గుతూ ఉంటే పొరలు పగులుతాయి. అందుకే సిలికాన్‌ను కొద్దిపాళ్లలో, కార్బన్‌తో కలిపి వాడతారు. 2023లో హానర్ మ్యాజిక్5 ప్రో చైనా మోడల్ ఈ పద్ధతితో 5450కి చేరింది. 2025 చివర్లో వచ్చిన వన్‌ప్లస్ 15లో 7300. మందం చూస్తే ఎస్25 అల్ట్రాకు అటూ ఇటుగానే ఉంటుంది. కాబట్టి పరిజ్ఞానం లేదనడానికి వీల్లేదు.

మరి శామ్‌సంగ్ ఎందుకు వెనకాడుతుంది? ఇక్కడ ఇంకో రెండు అంకెలు అడ్డం వస్తాయి. ఎస్24 నుంచి ఈ ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని శామ్‌సంగ్ మాటిచ్చింది. ఏడేళ్లంటే 2555 రోజులు. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమలైన నియమం ప్రకారం 800 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలబెట్టుకోవాలి. రోజుకో పూర్తి ఛార్జింగ్ లెక్కన 800 అంటే రెండేళ్ల రెండు నెలలు. ఎస్25 అల్ట్రా ఐరోపా లేబుల్ మీద రాసుకున్నది 2000 సైకిళ్లు, అంటే దాదాపు ఐదున్నరేళ్లు. ఏడేళ్ల ఫోనుకు అదైనా కావాలి మరి. ఉబ్బే సిలికాన్‌తో 2000 రాసుకోవడం గ్రాఫైట్‌తో రాసుకున్నంత తేలిక కాదు. బరువు, మందం తగ్గించగలిగినప్పుడు కూడా శామ్‌సంగ్ ఆ మిగులును బ్యాటరీకి పెట్టలేదు. ఎస్24 అల్ట్రా 232 గ్రాములు, 8.6 మిల్లీమీటర్లు. ఎస్25 అల్ట్రా 218 గ్రాములు, 8.2 మిల్లీమీటర్లు. సన్నబడటం షోరూములో చేతికి తెలుస్తుంది, 300 ఎంఏహెచ్ తెలియదు. అమ్మేవాడి తెలివి అమ్మేవాడిది.

నన్ను పందెం కాయమంటే ఛార్జింగ్ వేగం మీద కాస్తాను. అక్కడ అడ్డుగీతలేమీ లేవు. ఎస్20 అల్ట్రాలో 45 వాట్లు, ఎస్21 అల్ట్రాలో వింతగా 25కి దిగి, ఎస్22 నుంచి ఎస్25 దాకా మళ్లీ 45. అరగంటలో 65 శాతం వరకు నిండుతుందని శామ్‌సంగే చెబుతుంది. 19.4లో 65 శాతం 12.6 వాట్-అవర్లు. అరగంటలో అది చేరిందంటే బ్యాటరీలోకి వెళ్లిన సగటు 25 వాట్లు. డబ్బా మీద 45 ఉన్నా సగటు సగానికి కాస్త పైన. అందుకే గరిష్ఠం 60 అని లీకైతే సంబరపడే ముందు 'అరగంటలో ఎంత శాతం' అని అడగాలి.

కెమెరాలో 200 మెగాపిక్సెళ్ల గురించి వచ్చే పుకార్లను నేను పట్టించుకోను. ఎస్23 అల్ట్రా నుంచి ఆ అంకె అలాగే ఉంది. మామూలు ఫొటోలో 16 పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, 200 కాస్తా 12.5 అవుతుంది. లెన్సు ఎఫ్/1.7 నుంచి ఎఫ్/1.4కి వెళ్తుందంటే మాత్రం చెవి ఒగ్గండి. వెలుతురు 47 శాతం ఎక్కువ.

లీకుల్లో ధ్రువపత్రాలకు విలువ ఎక్కువ. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ జాబితాలో మోడల్ నంబరు కనబడితే ఆ ఫోను వస్తున్నట్టు. చైనా ధ్రువీకరణ 3సీలో ఛార్జింగ్ వాట్లు తెలుస్తాయి. బ్యాటరీ ధ్రువపత్రాలతోనే తికమక. వాటిలో ఉండేది రేటెడ్, అంటే కనీస సామర్థ్యం. ఎస్24 అల్ట్రాకు అది 4855. ప్రకటనల్లో రాసే 5000 టిపికల్, అంటే సగటు. రెండింటి నిష్పత్తి 0.971. కాబట్టి 4855 కనబడగానే బ్యాటరీ తగ్గించేశారని గోల చేయనక్కర్లేదు. అదే లెక్కన 5155 టిపికల్‌కు రేటెడ్ 5005 అవుతుంది. రాబోయే అల్ట్రా పత్రంలో అంతకంటే బాగా పెద్ద అంకె, 5300 లాంటిది కనబడితే, శామ్‌సంగ్ సెల్‌ను రెండు చేసిందనో, రవాణా ఖర్చుకు సిద్ధపడిందనో అర్థం. అప్పుడు ఐదున్నర వేల లీకును నేనూ నమ్ముతాను.