డాక్టరుగారి మీద ఫిర్యాదా?

ఈ మాట అనడానికే మన కార్వేటినగరం కుటుంబాలలో చాలామంది జంకుతారు. 2002లో హైదరాబాదులో మలేరియా శాఖ ఉద్యోగి ఒకరు చలిజ్వరంతో ఉన్న తన భార్యను ఆసుపత్రిలో చేర్చారు. టైఫాయిడ్‌కు మందులిచ్చారు. వచ్చినది మలేరియా! ఆమె మరణించింది. జిల్లా ఫోరం ఇమ్మన్న రెండు లక్షల పరిహారాన్ని పై కమిషన్లు కాదన్నా, 2010లో సుప్రీంకోర్టు తిరిగి ఖాయం చేసింది. ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదన్నది.

పరిహారానికి వినియోగదారుల కమిషన్. వైద్యుని పేరును రిజిస్టరు నుండి తొలగించగలిగినది మాత్రం ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిలే. దుఃఖంలో మనము కాగితాలు అక్కడే వదలి వచ్చేస్తాము. అడిగిన 72 గంటలలో చికిత్స రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యనీతి నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదును కౌన్సిల్ ఆరు నెలలలో తేల్చాలన్నదీ వాటిలోనే ఉంది.