మొగులు మీద కాదు, నేల మీదే: క్లౌడ్ కంప్యూటింగ్ గూర్చి

ఎప్పుడూ షుగరు, బీపీ, బాలింతల ఆహారం గూర్చి వ్రాసే మేము ఈసారి కంప్యూటర్ల గూర్చి వ్రాస్తున్నామని ఆశ్చర్యపడవద్దు. "మీ రిపోర్టు క్లౌడ్‌లో ఉన్నదమ్మా" అన్న మాట ఇప్పుడు ల్యాబులలో, స్కానింగు సెంటర్లలో మామూలైపోయింది. క్లౌడ్ అంటే మేఘం అని ఎవరైనా అర్థం చెబితే, "మొగులు మీద పెట్టిండ్రా బిడ్డా? మరి వాన పడితెనో?" అని మన పెద్దవాళ్ళు అడుగుతారు. చిన్న సిస్టర్లు ఆ ప్రశ్నకు నవ్వుతారు గాని, అది మంచి ప్రశ్న. దాచిన వస్తువు ఎక్కడ ఉన్నది, ఎవరి చేతిలో ఉన్నది, పాడైతే దిక్కేమిటి అన్నదే కదా ఆమె అడుగుతున్నది.

ముందు పేరు సంగతి. ఇంజనీర్లు కంప్యూటర్ల మధ్య సంబంధాలు కాగితం మీద గీసేటప్పుడు, ఇంటర్నెట్టు లోపల ఏ తీగ ఎటు పోతున్నదో చూపనవసరం లేకపోతే అక్కడ ఒక మబ్బు బొమ్మ గీసి వదిలేసేవారు. ఆ బొమ్మ నుండే ఈ పేరు వచ్చింది. ఆకాశంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

మన వరంగల్ వారికి దీనిని చెప్పడం చాలా తేలిక. ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చిన రైతు, ధర లేకపోతే ఏమి చేస్తాడు? బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. సొంతంగా కోల్డ్ స్టోరేజీ కట్టుకోడు. కిరాయి ఇస్తాడు, రసీదు తీసుకొంటాడు. చల్లదనం, కరెంటు, కాపలా అన్నీ యజమాని బాధ్యత. రసీదు చూపిన రోజున బస్తాలు బయటికి వస్తాయి. క్లౌడ్ కూడా ఇంతే. మన ఫోటోలు, రిపోర్టులు, లెక్కలు వేరొకరి పెద్ద కంప్యూటర్లలో కిరాయికి ఉంటాయి. ఇక్కడ రసీదు అంటే మన పాస్‌వర్డ్. మీకు జీమెయిల్ ఉన్నట్లయితే, తెలియకుండానే మీరు ఇప్పటికే క్లౌడ్ వాడుతున్నారన్నమాట. ఆ ఉత్తరాలు మీ ఫోనులో కాదు, గూగుల్ వారి కంప్యూటర్లలో ఉన్నాయి. అందుకే ఫోను పోయినా ఉత్తరాలు పోవు.

మిర్చికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉన్నది. మిర్చి బస్తా ఒక్కచోటనే ఉండగలదు. సమాచారాన్ని అలా కాక రెండు మూడు చోట్ల నకళ్ళుగా ఉంచవచ్చు. దీని సంగతి మళ్ళీ చెబుతాము.

ఆ పెద్ద కంప్యూటర్లు ఉండే భవనాలను డేటా సెంటర్లు అంటారు. వరుసలు వరుసలుగా బీరువాల వంటి అరలు, వాటిలో రాత్రింబగళ్ళు పనిచేసే కంప్యూటర్లు, వాటి వేడిని తగ్గించే యంత్రాలు, కరెంటు పోతే ఆదుకొనే జనరేటర్లు. ఇవి అమెరికాలోనే ఉంటాయనుకోనక్కరలేదు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్ పేరుతోనే తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. అవి రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ కూడా హైదరాబాదులో డేటా సెంటర్లు పెడతామని అదే సంవత్సరం మార్చిలో ప్రకటించింది. అంటే ఈ మొగులు మనకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో, నేల మీదే ఉన్నది.

సొంత కంప్యూటరు కొనుక్కోకుండా కిరాయి ఎందుకు? పెళ్ళికి అయిదు వందల కుర్చీలు కావాలి. ఆ ఒక్క రోజు కోసం ఎవరూ కుర్చీలు కొనరు, టెంట్ హౌస్ నుండి తెచ్చుకొంటారు. 2021లో కరోనా టీకాలకు కోవిన్‌లో పేర్లు నమోదు చేసుకొన్నది అందరికీ గుర్తుండే ఉంటుంది. 18 ఏళ్ళు నిండినవారికి ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు నమోదు తెరిచారు. మొదట్లో కొంతసేపు తడబడినా, ఆ రోజు 1 కోటి 30 లక్షల మందికి పైగా నమోదు చేసుకొన్నారు. అక్టోబరు 21 నాటికి దేశంలో 100 కోట్ల డోసులు పూర్తయినాయి. జనం ఎగబడిన రోజున ఎక్కువ కంప్యూటర్లు, తగ్గిన రోజున తక్కువ వాడుకొని, వాడినంతకే కిరాయి కట్టే వీలు క్లౌడ్‌లో ఉంటుంది. ఒక గదిలోని రెండు మూడు కంప్యూటర్లతో అటువంటి తాకిడిని తట్టుకోవడం జరిగే పని కాదు.

ఇక నర్సులమైన మాకు దీనితో పని ఏమిటంటారా? రాత్రి 2 గంటలకు క్యాజువాలిటీకి స్పృహ లేని మనిషిని తెస్తారు. "ఏ మందులు వాడుతున్నారు?" అని మేము అడుగుతాము. "తెల్లది ఒకటి, గులాబి రంగుది ఒకటి సిస్టర్" అని కూతురు చెబుతుంది. ఆ తెల్లది షుగరు మాత్రా, మూర్ఛ మాత్రా, రక్తాన్ని పలచబరచే మాత్రా అన్నదానిపైన మేము చేసే వైద్యం ఆధారపడి ఉంటుంది. పెన్సిలిన్ పడని మనిషి అయితే అది తెలియడం ఇంకా ముఖ్యం. పాత కాగితాలు ఇంటి దగ్గర ట్రంకు పెట్టెలోనో, పాలిథిన్ సంచిలోనో ఉంటాయి. 2023 జూలై వరదలకు వరంగల్, హనుమకొండ లోతట్టు కాలనీలు మునిగినప్పుడు అటువంటి సంచులు ఎన్ని తడిసిపోయినాయో! వరద రాకపోయినా చెదలు ఉండనే ఉన్నాయి.

మన పొరుగునే ఉన్న ములుగు జిల్లాలో 2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం మొదలుపెట్టింది. 18 ఏళ్ళు పైబడినవారి ఆరోగ్య వివరాలు ఇంటింటికీ వెళ్ళి సేకరించి, కంప్యూటరులో ఎక్కించడం దాని ఉద్దేశం. రాజన్న సిరిసిల్లలో కూడా ఇది జరిగింది. దేశమంతటికీ 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది. అందులో ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. ఇది ఉచితం, ఇష్టమైనవారే తీసుకోవచ్చు. చాలామంది భయపడేది ఏమిటంటే, మన రోగాల చిట్టా అంతా ఢిల్లీలో ఒకే కంప్యూటరులో పోస్తారేమోనని. ఆ పద్ధతి అది కాదు. రికార్డు తయారుచేసిన ఆసుపత్రి లేదా ల్యాబ్ దగ్గరే రికార్డు ఉంటుంది, మీరు అనుమతి ఇస్తేనే మరొక డాక్టరుకు కనబడుతుంది. కనుక ఓ.టి.పి. చెప్పడం అంటే సంతకం పెట్టడమే అని గుర్తుంచుకోండి.

కంప్యూటరులో ఉన్నది కనుక భద్రం అనుకోవడం మాత్రం సరి కాదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో సొంత సర్వర్ల మీదనే సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లలోని సమాచారానికి దుండగులు తాళం వేశారు. కొన్ని రోజులపాటు ఓ.పి., అడ్మిషన్లు, ల్యాబ్ పనులు చేతివ్రాతతోనే నడిచాయి. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వరు ఉండబట్టి ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి దొరికింది. అట్లాగని సొంతవి వద్దు, క్లౌడే మేలు అనీ చెప్పలేము. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటరు కాలిపోయింది. వేరే చోట నకలు పెట్టుకోనివారు కొందరు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకొన్నారు. పైన చెబుతామన్నది ఇదే. క్లౌడ్ కొన్నంత మాత్రాన రెండవ నకలు దానంతట అదే రాదు. అడిగి, డబ్బు కట్టి పెట్టించుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేరు అమ్మేవారు ఆసుపత్రికి వచ్చినప్పుడు మా నర్సింగ్ వారు అడగవలసిన మొదటి ప్రశ్నలు ఇవి: నకలు ఏ ఊరిలో ఉన్నది? నెట్ పోయిన రాత్రి మేము మందుల చార్టు ఎట్లా చూడాలి? రెండవ ప్రశ్నకు సరైన జవాబు వచ్చేవరకు కాగితపు చార్టు తీసివేయకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ఇంట్లో మీరు చేయగలిగినది కూడా ఉన్నది. డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ, ముఖ్యమైన రిపోర్టులు వెలుతురులో స్పష్టంగా ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి. 15 జీబీ వరకు ఉచితం, ఒక కుటుంబం కాగితాలకు అది చాలా ఎక్కువ. ఫైలుకు మనిషి పేరు, తేదీ పెట్టండి, లేకపోతే అవసరమైనప్పుడు వెదకలేరు. పాస్‌వర్డ్ ఇంట్లో నమ్మకమైన ఇంకొక్కరికి తెలిసి ఉండాలి. అది ఫోను వెనుక అట్టలో వ్రాసి పెట్టేవారు ఉన్నారు, ఆ పని చేయవద్దు. హెచ్.ఐ.వి., మానసిక వైద్యం, గర్భస్రావం వంటి రిపోర్టులను వాట్సాప్ గ్రూపులలో ఎంతమాత్రం పెట్టకండి. ఒకసారి పదిమంది ఫోన్లలోకి వెళ్ళినదాన్ని వెనక్కి తేలేము. మా సిస్టర్లు కూడా రోగి గాయం ఫోటోలను సొంత ఫోనులో తీయరాదు, ఎందుకంటే చాలా ఫోన్లు తీసిన ఫోటోను అడగకుండానే క్లౌడ్‌కు పంపేస్తాయి.

పడని మందుల పేర్లు మాత్రం ఒక చిన్న అట్ట మీద పెద్ద అక్షరాలతో వ్రాసి పర్సులో కూడా ఉంచుకోండి. క్యాజువాలిటీలో ఫోను లాక్ తెరవడానికి మాకు మీ వేలు కావాలి, అట్ట చదవడానికి మా కళ్ళు చాలు.